చెవిటివాడు కుండ కొట్టి చూడడు

నిన్న పొద్దున నా పాత విద్యార్థిని ఒకతి మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చింది. రిటైరైన పంతులమ్మ ఇంటికి మిఠాయితో వచ్చేవాళ్ళు రెండు రకాలు. పెళ్ళికి పిలిచేవాళ్ళు, సంతకం అడిగేవాళ్ళు. ఈ పిల్ల మూడో రకమని టీ తాగేదాకా నాకు తెలియలేదు.

ఎనిమిది నుంచి పది దాకా నా దగ్గరే సైన్సు చదివింది. తెలివైన పిల్ల. అయితే పాఠం మధ్యలో చెయ్యెత్తి ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "టీచర్, ఇది పరీక్షకు వస్తదా?" వస్తుందంటే రాసుకునేది. రాదంటే పెన్ను మూత పెట్టి కిటికీలోంచి బయటికి చూసేది. తరిగే వనరులు, తరగని వనరులు అని నేను బోర్డు మీద గీతలు గీస్తుంటే ఆ పిల్ల చూస్తున్నది ఓపెన్‌కాస్టు మట్టిగుట్టను. బొగ్గు కోసం నేలను పైనుంచే తవ్వి పోసిన మట్టి అది. నేను పుట్టి పెరిగిన క్వార్టర్ల లైను ఆ గుట్ట కిందే ఎక్కడో ఉంది. నేను పాఠం చెప్పిన ఏళ్ళన్నీ ఆ గుట్ట పెరుగుతూనే పోయింది.

బీటెక్ అయిపోయిందట. హైదరాబాదులో ఏవేవో కోర్సులు చేసి, ఏవేవో కంపెనీల మెట్లెక్కి దిగి, తిరిగి వచ్చేసింది. తండ్రి బాయిలో పనిచేస్తున్నాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటాం. నీళ్ళ బావి అనుకుని చేద తెచ్చుకునేరు. ఖాళీ కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించి అసలు విషయం చెప్పింది.

"టీచర్, మా నాయినను అన్‌ఫిట్ చేపిద్దామనుకుంటున్నం. చెవులు ఇనవడ్తలేవని. ఇప్పుడు ఆడివిల్లలకు గుడ నౌకరి ఇస్తున్నరు కద. మీ నాయిన గట్లనే చేసిండట కద టీచర్. ఆయన లెక్క ఎవ్వలు చెయ్యలేదని మా తాత చెప్తుండె. ఎట్ల చేసిండో జర చెప్పరా?"

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బాయి కార్మికుడు ఇక పనికి రాడని డాక్టర్ల బోర్డు రాస్తే, ఆ ఉద్యోగం అతని బిడ్డకు వస్తుంది. నిజంగా ఒళ్ళు చెడినవాళ్ళ కోసం పెట్టిన పద్ధతి. ఒళ్ళు చెడకపోతే చెడగొట్టుకునే తెలివి మాది.

"ఇప్పుడు మిషిన్లు పెట్టి చూస్తరు గదనే" అన్నాను.

"మిషిన్ల సంగతి వేరేటోల్లు చూసుకుంటరు టీచర్. మనుషులే ఎనకనుంచి పిలిచి చూస్తరట. గదే భయం."

"ఆ బాయికి ఇంకెంత ఆయుష్షున్నదో తెలుసా నీకు?"

"నాకు నౌకరి వచ్చేదాక ఉంటే సాలు టీచర్."

ముప్పై ఏళ్ళు సుద్దముక్క అరగదీశాను. బడి వదిలి వెళ్ళాక ఒక్క విద్యార్థి కూడా తిరిగి వచ్చి 'టీచర్, ఫలానాది నేర్పండి' అని అడగలేదు. తీరా ఒకతి వచ్చి అడిగితే, అడిగింది ఇది. ఒళ్ళు మండిపోయింది. డబ్బా చేతిలో పెట్టి పంపేయాల్సింది. పంపలేదు. "కూర్చో, మొత్తం చెప్త. విన్నంక నువ్వే ఆలోచించుకో" అన్నాను. కథ చెబితే మనిషి మారుతుందని నమ్మడం పంతుళ్ళకు పుట్టుకతో వచ్చే జబ్బు.

మా నాయిన చెవుల గురించి ముందు చెప్పాలి.

ఆయనకు అక్షరం ముక్క రాదు, వేలిముద్రే. కాని బాయిలో ఆఫీసర్లు కూడా ఆయన చెవుల మాట వినేవారు. బొగ్గు తీసేసిన చోట తల మీద బండ మిగులుతుంది. అది నిలుస్తుందా పడుతుందా చూసి, కింద కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. ఇనుప గడతో బండను కొట్టి, రెండో అరచేతిని దానికి ఆనించి, తల ఓరగా వంచి వింటాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన బండ బొదబొదమంటుంది. ఈ రెంటికీ నడుమ ఇంకో ఏడెనిమిది మోతలున్నాయనేవాడు. ఒకటి 'ఈ షిఫ్టు దాకా ఆగుతా' అనే మోతట. ఒకటి 'గడ కింద పడేసి ఉరుకు' అనే మోతట.

ఇవన్నీ మాకు అంగట్లో కుండలు కొనేటప్పుడు చెప్పేవాడు. ఆదివారం అంగడికి అన్ననూ నన్నూ వెంట తీసుకుపోయేవాడు. కుండను ఎడమ చేతి మీద నిలబెట్టి వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. తర్వాత అన్న చెవికి, ఆ తర్వాత నా చెవికి. "కుండైనా బండైనా అబద్ధమాడది బిడ్డ. ఆడేది మనిషొక్కడే" అనేవాడు. ఆయన దూరం నుంచి కనిపిస్తే చాలు, కుమ్మరి సన్న పగులున్న నెరుసు కుండలను గోనెపట్టా కిందికి జరిపేవాడు.

మా లైను వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి. తెల్లవారితే లైనంతా పచ్చి బొగ్గు పొగ. ఆ పొగలోనే మక్క గటుక ఉడికే వాసన, ఎండు చేప కాలే వాసన, మొదటి షిఫ్టుకు పోయేవాళ్ళ టిఫిన్ డబ్బాల్లో మామిడికాయ తొక్కు వాసన. నాయిన డ్యూటీ దిగి వచ్చి రాతి మీద కూర్చుంటే అమ్మ వేడినీళ్ళు పోసేది. నాలుగు చెంబులయ్యాక గాని మనిషి రంగు తేలేది కాదు. నల్ల నీళ్ళు కాలవలో పోతుంటే నేను అందులో చింతగింజలు వదిలి ఎంత దూరం పోతాయో చూసేదాన్ని. రోజుకు మూడుసార్లు, షిఫ్టు మారినప్పుడల్లా, బాయి మీది నుంచి సైరన్ కూత వేసేవారు. ఆ మూడు కూతలకు పసిపిల్లలు కూడా నిద్రలో కదిలేవారు కాదు. వేళగాని వేళ కూత వినబడితే మాత్రం లోపల ఏదో జరిగిందని అర్థం. అప్పుడు పొయ్యి మీద ఉన్నది పొయ్యి మీదే వదిలి లైనంతా ఉరికేది.

అన్న నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యాడు. వరంగల్లులో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. మా లైనుకు అదే మొదటిది. నాయిన ఇల్లిల్లూ తిరిగి బెల్లం పంచాడు. "నా కొడుకు ఆఫీసరై బాయి దిగిన్నాడు నేనే టోపీ తీసి దండం పెడ్త" అని ప్రతి గడప దగ్గరా అదే మాట.

ఆ బెల్లం జనం నోట్లో కరగకముందే అమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది.

"నాలుగేండ్లు సదివి వచ్చేటాల్లకు గీ నౌకరి ఇచ్చుడు ఉంటదో లేదో ఎవనికెరుక? ఎత్తేస్తే ఎవడు జిమ్మేదార్? మా అక్క మొగడు రిటైరై సచ్చిండు. కొడుకులు డిగ్రీలు సదివి ఆటోలు నడుపుతున్నరు. కండ్ల ముందల ఉన్నదాన్ని ఇడిసిపెట్టి, ఎన్నడో వచ్చేదానికి ఎదురుసూస్తమా? నువ్వు చెవిటోనివి కావాలె. గంతే."

"నా చెవులతోనే గదనే ఇన్నేండ్లు మీరు బువ్వ తిన్నది?"

"గందుకే అంటున్న. ఇగ చెవులు లేకుండ తిందాం."

అమ్మను రాక్షసి అనుకోకండి. ఇరవై ఏళ్ళు వేళగాని కూత కూతకూ గుండె పట్టుకున్న మనిషి. మొగుడు బాయి నుంచి బతికి బయటపడాలనుకుంది. ఆ చోటికి కొడుకును దింపుతున్నానన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చినా పక్కకు తోసింది. మా బొగ్గు బెల్టులో అందరూ తోసేవాళ్ళే.

నాయిన మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు చెవిటివాడయ్యాడు.

అందులో ఒక చిక్కు ఉంది. ఎదురింట్లో ఉండే కాక అంతకుముందు ఏడే ఇదే పని చేయబోయి దొరికిపోయాడు. బోర్డులో డాక్టరు వెనక నుంచి మెల్లగా "నీ చెప్పు తెగింది చూసుకో" అన్నాడట. కాక వంగి చూసుకున్నాడు. నవ్వి డ్యూటీకి పంపేశారు. అప్పటినుంచి లైనంతా ఆయనను చెప్పు కాక అని పిలవడం మొదలుపెట్టింది. ఆ మంట ఆయన కడుపులో ఉంది. డ్యూటీ లేని వేళంతా గడపలో కూర్చుని బీడీ కాలుస్తూ మా ఇంటి వైపే చూసేవాడు. మా నాయిన చెవుడు దొంగ చెవుడని లైనులో అందరికీ తెలుసు. తెలిస్తే ఫికర్ లేదు. రుజువు దొరికిననాడు కాక ఆకాశరామన్న ఉత్తరం రాస్తాడు. అందుకే నాయిన ఇంట్లోనూ చెవిటివాడుగానే ఉండాలి. పక్క ఇంటికీ మాకూ నడుమ ఒకటే గోడ, అక్కడ వినబడింది కాక దాకా పోతుంది.

ఇక అలవాటు చేయించడం మొదలైంది. అమ్మ దానికొక పద్ధతి పెట్టింది. నాయినను ఉలిక్కిపడేటట్టు చేసినవాళ్ళకు బెల్లం ముక్క. ఉలిక్కిపడితే ఆ పూట ఆయనకు కల్లు బంద్.

అన్న ఈ ఆట ఆడలేదు. నేను ఆడాను. నాకు పదేళ్ళు. వీపు వెనక ఇత్తడి తాంబాళం పడేశాను. చెవి పక్కన కాగితపు సంచి ఊది పగలగొట్టాను. లైనులో పిల్లలను కూడా పోగేసుకొచ్చాను. వాళ్ళు ఆయన వెనకే నడుస్తూ "ఓ దొంగ చెవిటోడా" అని కేకలు వేసేవారు. నిన్నటిదాకా ఆయన నీడ పడితే తప్పుకున్న పిల్లలే. పెద్దవాళ్ళను ఏమన్నా తిరిగి ఒక్క మాట అనరంటే పిల్లలకు అంతకు మించిన పండగ ఏముంటుంది?

మొదటి వారంలో ఒక మధ్యాహ్నం "నాయినా, పాము!" అని అరిచాను. మంచం మీది నుంచి ఎగిరి దూకాడు. అమ్మ ఆయన ముందే నా నోట్లో బెల్లం పెట్టింది. "సూడు. పదేండ్ల పోరి ఓడగొట్టింది నిన్ను. రేపు డాక్టర్లు ఊకుంటరా?" అంది. నాయిన నా వైపు చూశాడు. నేను చప్పరిస్తూనే ఉన్నాను.

నెల తిరిగేసరికి ఆయన రాయిలా తయారయ్యాడు. తాంబాళానికి లేదు, టపాకాయకు లేదు. నాకు బెల్లం రాక విసుగు పుట్టింది. ఒకనాడు ఆయన వాకిట్లో కూర్చుని మంచానికి నులక బిగిస్తుంటే, వీధి చివర నుంచి ఉరుక్కుంటూ వచ్చి వెనక నిలబడి "నాయినా, అన్న లారీ కింద పడ్డడు!" అని ఏడుపు గొంతుతో అరిచాను. చేతులు ఆగలేదు. తల తిరగలేదు. నులక అట్లాగే లాగి ముడి వేశాడు. కాని ఆయన కుడికాలి బొటనవేలు నేలను పట్టి ఒత్తింది. గోరు తెల్లబడేదాకా ఒత్తి, మెల్లగా వదిలింది.

అది చూసింది నేనొక్కదాన్నే. అమ్మకు చెబితే బెల్లం వచ్చేది. చెప్పలేదు. జాలితో అని రాసుకుంటే బాగుంటుంది గాని అది అబద్ధం. ఆ గుట్టు నా ఒక్కదాని దగ్గరే ఉందని మిడిసిపాటు, అంతే.

బోర్డు ఇంకో వారం ఉందనగా సార్ వచ్చారు. మంథని నుంచి రోజూ బస్సులో మా బడికి వచ్చి లెక్కలు, సైన్సు చెప్పే సార్. తెల్ల ధోవతి, చేతిలో ఇత్తడి టిఫిన్. అన్నకు ఆరో తరగతి నుంచి చదువు చెప్పింది ఆయనే, సీటు కాగితం నింపింది ఆయనే. అన్న వరంగల్లు పోవడం లేదని విని బడి విడిచాక నేరుగా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. నాయిన మంచం మీద ఉన్నాడు. ఎదురు గడపలో కాక బీడీ ముట్టించాడు.

"ఏమయ్యా, నేను విన్నది నిజమేనా?" అన్నారు సార్.

నాయిన ఆయన నోటి వైపు చూశాడు. "ఆఁ? ఏమంటున్నరు సార్?" అన్నాడు, చెవిటివాళ్ళు అరిచినట్టు.

సార్‌కు సంగతి అర్థమైంది. ముఖం ఎర్రబడింది. అయినా చెప్పదలచుకున్నది చెప్పారు. "నువ్వు వింటున్నవని నాకు తెలుసు. విను. మీరు భూమిల నుంచి బొగ్గు తీస్తరు. తీసిన చోట గోదావరి ఇసుక తెచ్చి నింపుతరు, లేకుంటే పైన ఉన్న ఊరు కుంగుతదని. అంత బుద్ధి ఉన్నది కదా మీకు. మరి ఇంట్ల నుంచి చదువుకునే పిల్లగాన్ని తీసి బాయిల వేస్తే, వాడు ఉండవలసిన చోట ఏం తెచ్చి నింపుతవు? ఆ బొగ్గు ఎల్లకాలం ఉండదు. బొగ్గు అయిపోయిననాడు ఈ లైనుకు దారి చూపెట్టేది ఎవరు? నాలుగేండ్లు. నాలుగేండ్లు ఆగయ్యా."

నాయిన కళ్ళు సార్ ముఖం మీదనే ఉన్నాయి. కాక బీడీ ఆరిపోయినా మళ్ళీ ముట్టించలేదు. నేను నాయిన కాలివేలు చూశాను. అది నేలలో దిగబడి ఉంది.

"ఇనవడ్తలేదు సార్" అన్నాడు నాయిన.

సార్ నా చేతిలోని పలక లాక్కున్నారు. పెద్ద పెద్ద అక్షరాలతో 'కొడుకును చదివించు' అని రాసి నాయిన ముందు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయనకే గుర్తుకొచ్చింది, ఎదుటి మనిషికి చదువు రాదని. పలక పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది. వెనక తడిక దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో ఆ అక్షరాలు చదవగలిగింది మేమిద్దరమే.

అమ్మ వచ్చి పలక తీసుకుని కొంగుతో తుడిచేసింది. "ఆయనకు ఇనరాదు, సదువరాదు. ఊకె ఎందుకు సార్ తక్లీబు? ఎండల పడి వచ్చిండ్రు, మంచినీళ్ళు తాగుండ్రి" అంది.

సార్ నీళ్ళు ముట్టలేదు. పోతూ పోతూ నన్ను చూశారు. "మరి ఈ పిల్ల?" అన్నారు.

"అదా? ఆడివిల్ల గద సార్. దానికి ఎట్లయిన నౌకరి రాదు. సదువుకోని తియ్యుండ్రి, ఏంజేస్తది మరి" అంది అమ్మ.

నేను చదువుకున్నది అట్లా. ఎవరో పోరాడి చదివించలేదు. అప్పట్లో ఆడపిల్లకు బాయి ఉద్యోగం ఇచ్చేవారు కాదు కాబట్టి నా చదువు ఎవరికీ అడ్డం రాలేదు.

బోర్డు నాడు నాయిన నెగ్గాడు. చెప్పు తెగిందన్నారట, కదలలేదు. వెనక స్టీలు పళ్ళెం పడేశారట, కదలలేదు. ఆఖరికి "నీకు అన్‌ఫిట్ వచ్చింది, ఇంటికి పో" అన్నారట. అప్పుడు కూడా గోడవైపే చూస్తూ కూర్చున్నాడట. బంట్రోతు వచ్చి భుజం తడితే లేచాడట. అమ్మ ఆ రాత్రి కోడి కోసింది. తొడ ముక్క నాయిన కంచంలో వేసి, నోరారా మెచ్చుకుంది. ఆ మెప్పు కూడా ఆయన వినకూడదు. వంచిన తల ఎత్తకుండా తిన్నాడు.

అన్న టోపీ పెట్టుకుని, నడుముకు బెల్టు కట్టుకుని, దీపం తగిలించుకుని బాయి దిగాడు. ఏడాది తిరిగేసరికి దిమ్మెలు నిలబెట్టే పనిలో, నాయిన చోటే వేశారు. తండ్రి చెయ్యి కొడుకుకు వస్తుందిలే అనుకున్నారు కాబోలు. చెయ్యి వచ్చింది. చెవి ఎట్లా వస్తుంది? ఇంజనీరింగ్ చదవవలసినవాడికి బండ చదవడం ఎవరు నేర్పారు?

డ్యూటీ దిగి వచ్చి మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగేవాడు. "నాయినా, బండ కొడితే ఏదో మోగుతది. గది మంచిదా చెడ్డదా ఎట్ల తెలుస్తది?" నాయిన పెదవులు కదిలేవి. అమ్మ వంటింట్లోంచి దగ్గేది. నడుమ గోడ ఒకటే. నాయిన నోరు మూసుకునేవాడు.

ఒక ఆదివారం ఏమనుకున్నాడో, అన్నను అంగడికి రమ్మని సైగ చేశాడు. అమ్మా నేనూ కూడా పోయాం. కుమ్మరి దగ్గర నాయిన రెండు కుండలు ఏరాడు. ఒకటి మంచిది, ఒకటి సన్న నెరుసుది. అన్నను పక్కన కూర్చోబెట్టుకుని వేలి కణుపుతో మంచిదాన్ని కొట్టాడు. కొట్టి, పాత అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నెత్తురు కనిపించింది.

కూరగాయల గుట్టల అవతల చెప్పు కాక నిలబడి చూస్తున్నాడు.

ఆయనను ముందు చూసింది అమ్మ. ఒక్క అంగలో వచ్చి నాయిన చేతిలోని కుండ లాగి నేలకేసి కొట్టింది. "చెవిటోడు కుండ కొట్టి సూస్తడా? చెవులు పోయినా బుద్ధి రాలేదా నీకు?" అని అంగడంతా వినేటట్టు అరిచింది. కుమ్మరి నవ్వాడు. చుట్టూ జనం నవ్వారు. నేనూ నవ్వాను. అన్న మాత్రం వంగి పెంకులు ఏరాడు. నాయిన మళ్ళీ అంగడికి పోలేదు. అన్న మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. పెసరట్ల పిండి రుబ్బి పెట్టి అమ్మ నల్లా దగ్గరికి నీళ్ళకు పోయింది. నాయిన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఎదురు గడపలో కాక. నేను మెట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. అన్నది మొదటి షిఫ్టు, డ్యూటీ దిగడానికి ఇంకా చాలా పొద్దుంది.

కూత వేశారు. వేళగాని వేళ.

లైనంతా ఒక్కసారి లేచింది. బిందెలు దొర్లిన చప్పుడు, ఆడవాళ్ళ ఏడుపు, చెప్పులు లేని కాళ్ళు మా వాకిలి ముందు నుంచే ఉరుకుతున్నాయి. కూత ఆగడం లేదు. కాక మాత్రం లేవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నాయిననే చూస్తున్నాడు. నాయిన లేస్తే చెవుడు అబద్ధమవుతుంది. చెవుడు అబద్ధమైతే అన్న ఉద్యోగం పోతుంది. అన్న బతికే ఉంటే, ఆ ఉద్యోగం అవసరమే.

నాయిన కూర్చునే ఉన్నాడు. ముఖంలో ఏమీ లేదు. కాలివేలు మాత్రం వాకిట్లో మట్టిని తవ్వుతున్నది.

అప్పుడు నేను చేసింది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను పోయి సైగ చేస్తే ఆయన లేవవచ్చు. చెవిటివాడికి కూతురు చెప్పిందంటే ఎవరూ తప్పు పట్టరు. నాకది తెలుసు. తెలిసీ వెంటనే లేవలేదు. ఎంతసేపు ఓర్చుకుంటాడో చూద్దామనిపించింది. బెల్లం ఆట ఇంకా నా ఒంట్లోంచి పోలేదు. ఆ వేలు మట్టిలో సగం దిగేదాకా చూశాను. అప్పుడు లేచి పోయి, తల మీద దీపం ఉన్నట్టు చెయ్యి పెట్టి, ఆ చేతినే కిందికి పడేసి చూపించాను.

"ఏందీ?" అని పెద్దగా అరిచాడు నాయిన. అప్పుడు కూడా మరిచిపోలేదు. ఆ తర్వాత ఉరికాడు. అట్లా ఉరికే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కాక చాలాసేపు అట్లాగే కూర్చుని, "నిజంగనే ఇనరాదురా ఈనికి" అని తనలో తాను అనుకున్నాడు. ఉత్తరం ఎప్పటికీ రాయలేదు.

అన్న బతికాడు. బండ పడి నలిగిన ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. దవాఖాన నుంచి వచ్చాక బాయి దిగడానికి పనికిరాడని బోర్డు ఒక్క చూపులో రాసేసింది. మా ఇంట్లో రెండో అన్‌ఫిట్‌కు అలవాటు చేయించే పని పడలేదు. బాయి పైన, దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో కూర్చునే పని ఇచ్చారు.

కొన్ని నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం అమ్మ ఇంట్లో లేదు. అన్న కట్టె ఊతంతో లేచి తలుపు మూశాడు. కిటికీ మూశాడు. పక్కింటివాళ్ళు ఊరికి పోయారు, గోడకు కూడా చెవులు లేని రోజది. నాయిన ముందు కూర్చున్నాడు.

"నాయినా, ఇప్పుడు ఎవ్వలు లేరు. ఆ నాడు నేను బండను కొట్టిన. మోగింది. గది ఏ మోతనో నాకు తెల్వలే. గిట్ల మోగింది" అని మూలనున్న నీళ్ళ కుండను ఊతకర్రతో మెల్లగా తట్టాడు. "చెప్పు నాయినా. గది ఉరుకుమన్న మోతనా? నేను ఉరకాల్సి ఉండెనా?"

నాయిన అన్న నోటి వైపు చూశాడు. ఎప్పటిలాగే చూశాడు.

"ఆఁ? ఏమంటున్నవ్ బిడ్డ? గట్టిగ చెప్పు" అన్నాడు.

నేను ఆయన కాలివేలు చూశాను. అది కదలలేదు.

ఆ తర్వాత నాయిన ఎన్నో ఏళ్ళు బతికాడు. మళ్ళీ ఏదీ వినలేదు. చెవులు ఎప్పుడు నిజంగా మూతపడ్డాయో, మూసుకోవాలని ఆయనే మూసుకున్నాడో నాకు తెలియదు. ఆ ఏడెనిమిది మోతలు ఆయనతోనే మట్టిలో కలిశాయి. అన్న తన పుస్తకాలన్నీ నాకిచ్చాడు, వాటితోనే నేను పంతులమ్మనయ్యాను. నాయిన, అన్న దిగిన బాయి మూతపడింది. ఓపెన్‌కాస్టు వచ్చి లైను పోయింది, దాని మీద మట్టిగుట్ట లేచింది. సార్ అడిగిన ప్రశ్న మాత్రం మిగిలింది. ముప్పై ఏళ్ళు నేను బడిలో చెప్పింది దానికి జవాబే అనుకున్నాను.

ఇదంతా చెప్పి ఆపాను. ఆ పిల్ల కళ్ళు తడిగా ఉన్నాయి. నడుమ ఒక్కసారి కూడా మాట్లాడలేదు, ఫోను వైపు చూడలేదు. అంత శ్రద్ధగా నా పాఠం ఎన్నడూ వినలేదు. నా మనసు చల్లబడింది. ఇన్నేళ్ళకు ఒక్కతికైనా తలకెక్కింది కదా అనుకున్నాను. అన్న గురించి అడుగుతుందేమో, తన తండ్రి గురించి ఏమైనా చెబుతుందేమో అని ఎదురు చూశాను.

చున్నీతో కళ్ళు తుడుచుకుని లేచి నా కాళ్ళకు మొక్కింది.

"శానా మంచిగ చెప్పిండ్రు టీచర్. కాలివేలు సంగతి మాకు తట్టనే లే. బోర్డు నాడు మా నాయినకు బూట్లు తొడిగిస్త" అంది.

పరీక్షకు వచ్చేది ఏదో ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు.